కుడివైపు అద్దం

సిస్టర్‌కు పదకొండేళ్లుగా ఒక అనుమానం. తాను పనిచేసే చర్మ చికిత్సల క్లినిక్‌కు వచ్చేవాళ్ల ముఖాలు నిజంగా బాగుపడుతున్నాయా, లేక ఫోటోలు మాత్రమే బాగుపడుతున్నాయా అని.

ఈ అనుమానాన్ని ఆమె ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. ఎలా బయటపెడుతుంది? ఆ ఫోటోలు తీసేది తనే. చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో, నాలుగు గదుల క్లినిక్ అది. ముడతలు, మంగు మచ్చలు, మొటిమలు వదిలివెళ్లిన గుంటలు, వీటన్నిటినీ లేజరుతో సరిచేసి చర్మానికి మళ్లీ పడుచుదనం తెప్పించడం అక్కడి పని. చికిత్సకు ముందు ఒక ఫోటో, అన్ని విడతలూ అయ్యాక మరో ఫోటో తీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరమ్మకు సంతోషం, వచ్చినవాళ్లకు అంతకన్నా సంతోషం. సిస్టర్‌కు మాత్రం లోపల ఏదో గుచ్చుకునేది. మొదటి ఫోటోలో మనిషి జుట్టు రేగి, కళ్లు పీక్కుపోయి, అప్పుడే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ఉంటుంది. రెండో ఫోటోకి తల దువ్వుకుని, పెదవి విప్పకుండానే నవ్వుతూ కూర్చుంటుంది. ఇందులో లేజరు చేసిందెంత, దువ్వెన చేసిందెంత?

అందుకని తన గదిలో ఆమె కొన్ని చట్టాలు పెట్టింది. ముఖం కడుక్కుని రావాలి. జుట్టుకు బ్యాండు పెట్టుకోవాలి. నవ్వకూడదు. వెనక ఎప్పుడూ అదే నీలం గుడ్డ, పైన అవే రెండు లైట్లు, నేల మీద టేపుతో అంటించిన పాదాల గుర్తులు. పక్క నుంచి తీసే ఫోటో దగ్గర మాత్రం చాలాకాలం తిప్పలు పడింది. తల తిప్పమంటే ఒకరు బెట్టుగా ఇంత తిప్పుతారు, ఇంకొకరు గోడ అవతల ఏముందో చూడబోతున్నట్టు తిప్పుతారు. ముందు ఫోటోకీ తర్వాతి ఫోటోకీ పోలిక కుదరదు. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. తల తిప్పమనడం మానేసి, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గుండ్రంగా తిరిగే స్టూలునే తన చేత్తో పావు చుట్టు తిప్పడం మొదలుపెట్టింది. ఆనాటి నుంచి ఫోటోలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. డాక్టరమ్మ మెచ్చుకుంది. సిస్టర్‌కు తన పనిలో గర్వం అంటూ ఉంటే ఆ స్టూలు ఒక్కటే.

రోజూ పొద్దున్నే లేజరు మీటకు చెయ్యి తాకించే ముందు ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకునేది. కోరిక కోరేది తక్కువ, అడిగేది ఎక్కువ. "ముడతలు పెట్టింది నువ్వు. తీయించుకోవాలనే ఆశ పెట్టిందీ నువ్వే. మధ్యలో నన్నెందుకు నిలబెట్టావు స్వామీ?" ఆయన ఎన్నడూ జవాబు చెప్పలేదు. ఒకసారి ఇదే మాట ఇంట్లో అంటే అత్తగారు అందుకుంది. "గోళ్లూ ఆయనే ఇచ్చాడు. కత్తిరించుకోవట్లేదూ? నీ అనుమానాలతో ఆయన్ని విసిగించకే, ఆయనకి వేరే ఇళ్లు కూడా ఉన్నాయి."

అలాంటి రోజుల్లో ఒకనాటి ఉదయం క్లినిక్‌కు డ్రైవరమ్మ వచ్చింది. రావడం అది రెండోసారి.

ఆమె సిటీ బస్సు నడిపే మనిషి. రెండేళ్ల పైచిలుకు కిందట ఒక మధ్యాహ్నం నడిరోడ్డు మీద బస్సు వేడెక్కి ఆగిపోయింది. ఆలస్యమైపోతోందని వెనక నుంచి జనం అరుస్తుంటే, ఇంజను చల్లారేదాకా ఆగకుండా రేడియేటరు మూత తిప్పేసింది. లోపలి ఆవిరి ఎగజిమ్మి ఎడమ దవడ నుంచి మెడ కిందిదాకా కాల్చేసింది. గాయం మానాక ఎరుపూ నలుపూ కలిసిన మచ్చ మిగిలింది. దాని రంగు తగ్గించడానికి ఇదే క్లినిక్‌లో నాలుగు విడతల లేజరు చేయించుకుని వెళ్లి ఏడాదిన్నర అయింది. అంత అందంగా కుదిరిన ఫోటోలు క్లినిక్ మొత్తంలో పది కూడా ఉండవు.

"రండి రండి. మీరు నాకు గుర్తే," అంది సిస్టర్, ఫైలు వెతుకుతూ. "ఏమైంది, రంగు మళ్లీ తేలిందా?"

"రంగుకేం, లక్షణంగా ఉంది సిస్టర్ గారూ. మెడే నా మాట వినట్లేదు."

"అంటే?"

"కుడి పక్కకి తిరగదు. తిప్పబోతే ఇక్కడ ఎవరో తాడేసి లాగినట్టుంటుంది."

"ఏదీ, తిప్పండి చూద్దాం."

డ్రైవరమ్మ తిరిగింది. తలతోపాటు భుజం తిరిగింది, నడుము తిరిగింది, చివరికి మోకాళ్లు కూడా తిరిగాయి.

"భుజం కదపకుండా."

"కదపకపోతే ఇంతే." ఈసారి ఆమె ముక్కు బల్ల మీది పెన్నుల డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది. మెడ ఎడమ పక్కన, రంగు కలిసిపోయిన చర్మం కింద, ఒక గట్టి నరంలా మచ్చ పైకి లేచింది.

"బస్సుకి కుడి పక్క అద్దమే కదా ప్రాణం," అంది డ్రైవరమ్మ. "మళ్లీ బండి ఇవ్వడానికి డిపోలో పెట్టే పరీక్షలో సీటుకి వీపు ఆన్చి, బెల్టు పెట్టి కూర్చోబెడతారు. వెనక కుడి పక్కన ఒకడు నంబరు పలక పట్టుకుంటాడు. భుజం లేవకుండా తిరిగి చదవాలి. రెండుసార్లు తప్పాను. ఒక్కసారే మిగిలింది, అదీ ఎనిమిది నెలల్లోపు. మూడేళ్లు సీటుకి దూరమైతే ఇక ఎప్పటికీ ఎక్కనివ్వరు. ఇప్పుడు డిపో గేటు దగ్గర పెట్టారు. పదహారేళ్లు నడిపాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకే ఇప్పుడు గేటు తీస్తున్నా. వాళ్లు మంచివాళ్లే. నేను గేటు దగ్గరుంటే హారన్ కూడా మెల్లగా కొడతారు. అదే తట్టుకోలేను."

సిస్టర్ ఫైలు తెరిచింది. పక్క నుంచి తీసిన ఫోటో. నీలం గుడ్డ మీద డ్రైవరమ్మ ముఖం పావు చుట్టు హాయిగా కుడికి తిరిగి ఉంది. ముఖం దగ్గరగా కనబడాలని తీసిన ఫోటో కాబట్టి భుజాలు అందులో పడలేదు. సిస్టర్ ఆ ఫోటో వంకా, ఎదురుగా ఉన్న మెడ వంకా చూసింది.

"ఒక్క నిమిషం కూర్చోండి," అని డాక్టరమ్మ గదిలోకి వెళ్లి తలుపు మూసింది.

డాక్టరమ్మ వయసులో సిస్టర్ కన్నా పదేళ్లు చిన్న. ఫైలు చూసి కళ్లజోడు సర్దుకుంది. "మెడ తిరగకపోవడమేమిటి? ఇందులో బాగానే తిరిగిందిగా. ఈ ఫోటో చూసే కదా మచ్చ మెత్తగా ఉందనుకుని రంగుకి మాత్రమే చేశాం."

"తిరిగింది మెడ కాదు మేడమ్. స్టూలు."

డాక్టరమ్మ ఫోటోని మళ్లీ దగ్గరగా పట్టి చూసింది.

"నేను చేత్తో పట్టి చూసి ఉండాల్సింది," అంది. "ఫోటోని నమ్ముకున్నాను. అప్పుడే చూసి ఉంటే ఏడాదిన్నర కలిసొచ్చేది. మచ్చ కూడా ఇంత మొండికేసేది కాదు." ఫైలు మూసింది. "ఆవిడకి ఈ సంగతి చెప్పాలి. నేను చెప్పనా?"

"వద్దు మేడమ్. నేనే చెబుతాను. స్టూలు తిప్పిన చెయ్యి నాది."

చెబుతాననే అనుకుంది. తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి డ్రైవరమ్మ లేచి నిలబడి, "పని అవుతుందా సిస్టర్ గారూ?" అని అడిగింది. ఆ కళ్లలో ఉన్న ఆశ చూశాక సిస్టర్ అనుకున్నది చెప్పలేకపోయింది. "డాక్టరమ్మ పిలుస్తోంది, రండి," అని మాత్రం అంది.

డాక్టరమ్మ మచ్చను వేళ్లతో పట్టి, లాగి, నొక్కి చూసింది. "ముఖాల ముడతలకు వాడే యంత్రమే ఇది. మచ్చలకీ పనికొస్తుంది. గట్టిపడ్డ చర్మంలో జల్లెడలాగా సన్నటి రంధ్రాలు పొడుస్తాం. అవి మానేటప్పుడు వచ్చే చర్మం మెత్తగా వస్తుంది, సాగుతుంది. పూర్తిగా వస్తుందని మాటివ్వను. మెడ దగ్గర చర్మం పల్చన. తొందరపడితే మచ్చ మనమీదే తిరగబడుతుంది. ఐదు విడతలు, ఆరేసి వారాల ఎడం. మేము పొడిచేది సగం పనే. మిగతా సగం మీరు రోజూ తిప్పి సాగదీయాలి."

"ఖర్చెంతవుతుంది మేడమ్?"

"ఇది మొదటి చికిత్సలో మిగిలిపోయిన పని. దాని సంగతి అడక్కండి."

డ్రైవరమ్మకు అర్థం కాలేదు. సిస్టర్ తలొంచుకుని దూది డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

ఆ సాయంత్రమే తిరిగే స్టూలు స్టోరు గదిలోకి పోయింది. దాని స్థానంలో నాలుగు కాళ్ల చెక్క కుర్చీ వచ్చింది.

"ఈ కేసుకి ఫోటోలు వద్దు మేడమ్," అంది సిస్టర్. "అబద్ధమాడలేని కొలత ఒకటి కావాలి."

ఆ కొలత ఆమే తయారుచేసింది. జుట్టు బ్యాండుకి చిన్న టార్చి కట్టింది. డ్రైవరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలు కదలకుండా స్కార్ఫుతో వెనక్కి కట్టింది. తల తిప్పితే నుదుటి మీది వెలుగు చుక్క గోడ మీద నడిచేది. ఆగినచోట సిస్టర్ టేపు ముక్క అంటించి తేదీ రాసింది. మొదటి రోజు ఆ చుక్క కేలండరు అంచు దగ్గర ఆగిపోయింది. బస్సులో పలక ఎంత పక్కకి, ఎంత వెనక్కి పట్టుకుంటారో డ్రైవరమ్మ చెబుతుంటే ఇద్దరూ కుర్చీలు జరిపి లెక్క తేల్చారు. చుక్క కుడి గోడ మీది స్విచ్ బోర్డు దాకా పోవాలి. కేలండరు నుంచి అక్కడికి సిస్టర్ చేత్తో కొలిచింది. ఐదు జానలు.

"ఐదేనా?" అంది డ్రైవరమ్మ. "ఐదు జానలంటే వంటింట్లో గిన్నె అందుకునే దూరం."

"ఆ గిన్నె కోసమే ఎనిమిది నెలలు," అంది సిస్టర్.

మొదటి విడత నాడు మచ్చ మీద మొద్దుబార్చే క్రీము పూసి గంటసేపు ఉంచారు. కళ్లకు నల్లటి కప్పులు పెట్టారు. సిస్టర్ ఒక చేత్తో చల్లగాలి గొట్టం పట్టుకుంది. డాక్టరమ్మ యంత్రం కొన మచ్చ మీద ఆనించినప్పుడల్లా టిక్, టిక్ అని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. లేచేసరికి మెడ మీద ఎర్రటి చుక్కలు గళ్ల కాగితంలా వరసలు తీరి ఉన్నాయి.

"ఎలా ఉంది?"

"రబ్బరు బ్యాండుతో వెయ్యిసార్లు కొట్టినట్టుంది. మా డిపో మేనేజరు నోటి కంటే నయమే."

డిపో గేటు దగ్గర పని ఇక వేరేలా సాగింది. రోజుకి నూట నలభై బస్సులు బయటికి వెళతాయి. బస్సు గేటు దాటుతుంటే డ్రైవరమ్మ వీపు స్తంభానికి ఆన్చి నిలబడి, భుజం కదపకుండా తలతో దాని వెంట కుడికి తిరిగేది. చర్మం లాగి కంట్లో నీళ్లు తిరిగేదాకా తిప్పి, ఇరవై అంకెలు లెక్కపెట్టి వదిలేది.

"ఏంటక్కా, బస్సుకి దిష్టి పెడుతున్నావా?" అని కుర్ర డ్రైవర్లు ఏడిపించేవాళ్లు.

"నువ్వు బండి నడిపే తీరు చూసి సిగ్గుతో ముఖం తిప్పుకుంటున్నా. గేరు మార్చరా, బండి ఏడుస్తోంది," అనేది.

రెండో విడతకి వచ్చినప్పుడు చుక్క ముప్పావు జాన జరిగింది. మూడో విడత నాటికి మొత్తం రెండు జానలు. అప్పటికి ఇద్దరి మధ్యా 'గారు' పోయి 'అక్కా' వచ్చింది. డ్రైవరమ్మ గోడ మీది టేపు ముక్కల్ని బస్సు స్టాపుల్లా పేరుపెట్టి పిలిచేది. "మార్కెట్ దాటాం. ఇక వంతెన. వంతెన దగ్గర రద్దీ ఎక్కువక్కా, నిదానంగా పోవాలి."

వంతెన దగ్గరే బండి ఆగిపోయింది. నాలుగో విడతకి వచ్చినరోజు టార్చి పెట్టి తిప్పితే చుక్క పాత టేపు దగ్గరే నిలిచిపోయింది. సిస్టర్ స్కార్ఫు విప్పి మళ్లీ కట్టి చూసింది. చుక్క కదలలేదు. మెడ మీద ఒక పక్క చర్మం కమిలి నల్లబడి ఉంది.

డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. "ఎండలో నిలబడ్డారా?"

డ్రైవరమ్మ తలొంచుకుంది. "గొడుగు పట్టుకుంటే గేటు తీయడం కుదరలేదు మేడమ్. ఎండకి మంట పుట్టింది. మంటకి భయపడి మూడు వారాలు తిప్పడం మానేశా. మీకు చెప్పలేదు. తప్పు నాదే."

ఎంత తేలిగ్గా అనేసింది. ఐదు మాటలు కూడా పట్టలేదు. సిస్టర్‌కు ఎవరో చెంప మీద మెత్తగా కొట్టినట్టయింది. ఇప్పుడు చెప్పేయాలి, ఇదే సమయం అనుకుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు చెబితే ఈ మనిషికి మన మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోతే మెడ తిప్పడం మానేస్తుంది, ముందు పరీక్ష గట్టెక్కనీ అనుకుని మింగేసింది.

"ఈ విడత రెండు వారాలు వెనక్కి జరుపుదాం," అంది డాక్టరమ్మ. "నలుపు తగ్గాలి. ఎండ తగిలితే నేను పరీక్షకి హామీ ఇవ్వలేను." డ్రైవరమ్మ వెళ్లిపోతూ గోడ మీది స్విచ్ బోర్డు వంక చూసింది. అది పక్క ఊళ్లో ఉన్నంత దూరంగా కనబడింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక సిస్టర్ దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది. అత్తగారు మంచం మీద నుంచే చూస్తూ ఉంది.

"ఏంటే, ఇవాళ ఆయనకి పెద్ద జాబితా ఉన్నట్టుంది?"

సిస్టర్ వచ్చి మంచం అంచున కూర్చుని అంతా చెప్పింది. స్టూలు సంగతి, చెప్పని సంగతి, చెప్పకపోవడానికి తాను వెతుక్కున్న కారణం. "ఆవిడ మంచి కోసమే ఆగుతున్నానత్తయ్యా. అలా అనుకుంటున్నాను. నా మంచి కోసమే ఆగుతున్నానేమో, తెలియట్లేదు."

"చెప్పకుండా ఆయన ముందు ఎంతసేపు నిలబడితే ఏం లాభం?" అంది అత్తగారు దుప్పటి లాక్కుంటూ. "ఆయనకి ముందే తెలుసు. తెలియనిది ఆవిడకే."

మర్నాడు సిస్టర్ డిపోకి వెళ్లింది, చెప్పే ధైర్యంతో కాదు, రెండు గజాల దళసరి గుడ్డతో. గేటు స్తంభానికీ గోడకీ మధ్య పందిరిలా కట్టింది. కాపలా గదిలోని ముసలాయన, "ఇక్కడ పెళ్లి ఎవరిదమ్మా?" అని అడిగితే, "మెడది," అంది. దాని నీడలో డ్రైవరమ్మ మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. నలుపు తగ్గాక నాలుగో విడతలో డాక్టరమ్మ మచ్చ అంతటినీ కాకుండా, తాడులా బిగిసిన ఆ ఒక్క గీతను పట్టుకుని కొంచెం లోతుగా పొడిచింది. ఐదో విడత నాటికి చుక్క వంతెన దాటింది. మూడున్నర జానలు. పరీక్షకి వారం ముందు ఆఖరిసారి కొలిచారు. చుక్క స్విచ్ బోర్డుకి రెండు వేళ్ల దూరంలో వణుకుతూ ఆగింది.

"రెండు వేళ్లు," అంది సిస్టర్.

"పర్లేదక్కా. పలక పట్టుకునేవాడు మనిషే కదా, ఎవరిదో ఒకరి చెయ్యి అటో ఇటో పోతుంది." నవ్వుతూనే అంది గానీ, స్కార్ఫు విప్పాక మళ్లీ ఒకసారి స్విచ్ బోర్డు వంక చూసింది.

పరీక్ష నాడు సిస్టర్ సెలవు పెట్టి డిపోకి వెళ్లింది. పొద్దున్న దండం పెట్టుకుంటూ ఎప్పటిలా ఏమీ అడగలేదు. "రెండు వేళ్లు," అని మాత్రం అంది.

డిపో ఆవరణలో ఖాళీ బస్సు నిలబెట్టి ఉంది. వెనక నేల మీద సున్నంతో గీత గీశారు. పరీక్ష అధికారి చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితాలు. డ్యూటీ లేని డ్రైవర్లందరూ టీ గ్లాసులతో బయటికి వచ్చి, ఏదో పని ఉన్నట్టు అక్కడక్కడే తిరుగుతున్నారు.

డ్రైవరమ్మ మెట్టెక్కింది. పరీక్షకి ఆ సీట్లో కూర్చోవడం ఇది మూడోసారి, ఆఖరిసారి. చేత్తో స్టీరింగును ఒకసారి తడిమి, బెల్టు పెట్టుకుంది. అధికారి తలుపు దగ్గర నిలబడి, "నియమం తెలుసుగా. వీపు లేస్తే లేనట్టే. పలక పైకి లేపాక ఐదు లెక్కపెడతాను," అన్నాడు.

పలక మనిషి గీత మీద నిలబడి చేయి లేపాడు. కింద ఉన్న సిస్టర్‌కు కిటికీలోంచి డ్రైవరమ్మ తల ఒక్కటే కనబడుతోంది. ఆ తల మెల్లగా తిరిగింది. మచ్చ తన్నుకుని వచ్చింది. ఇంకొంచెం తిరిగింది. మచ్చ సాగింది. గోడ లేదు, టేపు లేదు, టార్చి లేదు, అయినా ఆ వెలుగు చుక్క గాలిలో ఎక్కడ ఉందో సిస్టర్‌కు తెలుస్తూనే ఉంది. ఒకటి. రెండు. చుక్క రెండు వేళ్ల దగ్గర ఆగింది. మూడు. డ్రైవరమ్మ గెడ్డం కొంచెం పైకెత్తి, ఊపిరి వదులుతూ మిగిలిందంతా తిప్పింది.

"నలభై ఏడు."

టీ గ్లాసులన్నీ గాలిలో ఆగిపోయాయి. అధికారి కాగితం వంక చూసి ఇంకో పలక పట్టమన్నాడు.

"పద్దెనిమిది."

అధికారికి నమ్మకం కుదరలేదు. రెండుసార్లు తప్పిన మనిషి. ఎవరైనా కింద నుంచి సైగ చేస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. మూడో పలక తానే తీసుకుని, గీతకు ఒక అడుగు వెనక్కి వెళ్లి నిలబడి లేపాడు. సిస్టర్‌కు ఒళ్లు మండింది.

డ్రైవరమ్మ వీపు సీటును అంటుకునే ఉంది. తల తిరిగింది. మొదటిసారి కన్నా తేలిగ్గా, నూనె వేసిన తలుపులా తిరిగింది.

"అరవై రెండు," అంది. "సార్, మీ వెనకాల బూడిద రంగు స్కూటరు ఒకటుంది. దాని స్టాండు మట్టిలో దిగబడుతోంది. ఇంకో నిమిషంలో పడిపోతుంది."

అందరూ అటు చూశారు. స్కూటరు నిజంగానే ఒరుగుతోంది. అధికారి పలక పారేసి పరుగెత్తి దాన్ని పట్టుకున్నాడు. అది ఆయనదే. నవ్వు ఆవరణ ఆ మూల నుంచి ఈ మూలకు పాకింది. ఆయన కూడా స్కూటరు హ్యాండిలు పట్టుకునే నవ్వాడు. "ఇక ఈవిడ చూపు గురించి నేను పరీక్ష పెట్టను," అని అట్ట మీద సంతకం చేశాడు.

మర్నాడు ఉదయం మొదటి ట్రిప్పు ఆమెకే ఇచ్చారు. గేటు తీయడానికి ముగ్గురు డ్రైవర్లు పోటీ పడ్డారు. చివరికి కాపలా గదిలోని ముసలాయన వాళ్లందరినీ తోసి తానే తీశాడు. ఆమె బస్సు గేటు దాటుతుంటే వెనక వరసలోని బస్సులన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. మెల్లగా కాదు. పక్క వీధిలో కిటికీలు తెరుచుకునేంత గట్టిగా. డ్రైవరమ్మ తల కుడికి తిప్పి అద్దంలో వాళ్లందరినీ చూసింది, తర్వాత రోడ్డు చూసుకుంది.

సిస్టర్ ముందు సీట్లో కూర్చుని ఉంది. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆ మెడ తిరగడం, అద్దం చూడడం, మళ్లీ ముందుకు రావడం చూస్తూ కూర్చుంది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు అనుమానం రాలేదు. ఇందులో ఎవరి దువ్వెనా లేదు, ఎవరి నవ్వూ లేదు. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. ఈ మెడ సంగతి వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండానే క్షేమంగా ఇళ్లకీ పనులకీ చేరుతున్నారు. ఇన్నాళ్లూ దండం పెట్టి అడిగినదానికి ఆ స్వామి ఇలా జవాబిచ్చాడా అనుకుంది. అయి ఉండవచ్చు. ఆ మాట కూడా గట్టిగా అనుకోలేదు.

ఆఖరి స్టాపులో జనమంతా దిగిపోయారు. ఇంజను ఆగింది. తిరుగు ట్రిప్పుకి పది నిమిషాలుంది.

"నీతో ఒక మాట ఉంది," అంది సిస్టర్. "నువ్వు రెండోసారి వచ్చిన రోజే చెప్పాల్సింది. నీకు బాకీపడి ఉన్నాను."

డ్రైవరమ్మ బెల్టు విప్పి ఆమె వైపు తిరిగింది.

సిస్టర్ చెప్పింది. తల తిప్పమనకుండా స్టూలు తిప్పిన సంగతి, ఫోటోలో మెడ తిరిగినట్టు కనబడిన సంగతి, దాన్ని చూసి రంగుకి మాత్రమే చికిత్స చేసిన సంగతి. "నేను నిన్ను ఒక్కసారి తల తిప్పమని అని ఉంటే ఆ రోజే తెలిసేది. నువ్వు అన్నాళ్లు గేటు దగ్గర నిలబడింది నా వల్ల. నన్ను క్షమించు."

డ్రైవరమ్మ ముందుకు తిరిగి స్టీరింగు మీద చేతులు పెట్టుకుంది.

"డాక్టరమ్మకి తెలుసా?"

"మొదటి రోజు నుంచీ."

"అందుకా ఖర్చు సంగతి అడగొద్దన్నది." తలూపింది. "మరి నువ్వెందుకు ఇన్నాళ్లు ఆగావు?"

"నీ కోసమే ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. అదేం కాదు. భయం. అంతే."

"కోపం వస్తోందక్కా."

"రావాలి."

"వస్తోంది. కానీ ఇవాళ ఎక్కువసేపు నిలిచేట్టు లేదు, ఏం చేయను." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. స్టాపు దగ్గర జనం పోగవుతున్నారు. "ఆ రోజు స్టూలు తిరుగుతుంటే నాకూ హాయిగానే ఉంది. నొప్పి లేదు కదా అని నేనూ నోరు మూసుకున్నా. ముందే చెప్పి ఉంటే నిన్ను నాలుగు తిట్టి వెళ్లిపోయేదాన్నేమో. లేకపోతే ఆ కసి మీద ఇంకా గట్టిగా తిప్పేదాన్నేమో. ఏదయ్యేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు."

"తెలియదు," అంది సిస్టర్.

డ్రైవరమ్మ బెల్టు పెట్టుకుంది.

"సరే, చెప్పావు. విన్నాను. ఇక అది నీ దగ్గర లేదు," అంది. తర్వాత తలుపులు తెరిచే మీట నొక్కి, "కాళ్లు పక్కకి పెట్టుకో, జనం ఎక్కుతున్నారు," అంది.